చేతులు వెనక్కి

మా ఇంట్లో అందరూ మంచివాళ్లు. నా బాధల్లో సగం దానివల్లే.

మళ్లీ ఉద్యోగానికి వెళ్లనా వద్దా అని అడిగితే మా ఆయన చేతిలో ఉన్న అద్దాన్ని వెలుతురుకు ఎత్తి చూసుకుంటూ "నీ ఇష్టం" అన్నాడు. ఆయనది కళ్లజోళ్ల దుకాణం. ఊళ్లో అందరి చూపూ సరిచేస్తాడు, ఎదురుగా ఉన్న పెళ్లాం మొహం మాత్రం ఆయనకు ఆనదు. అత్తయ్యను అడిగాను. ఆవిడ చేతికర్ర గోడకు ఆనించి, తీరిగ్గా కూర్చుని, "మధ్యలో నాదేముందమ్మాయ్, నీ ఇష్టం" అంది. చివరికి కూతుర్ని కూడా అడిగాను. అది బడి సంచీ సర్దుకుంటూ, "నీ ఇష్టం అమ్మా" అంది.

ముగ్గురూ కూడబలుక్కున్నట్టు ఒకటే మాట. ఒక్కరైనా వద్దని అడ్డం పడితే ఎంత బాగుండేది. వాళ్లతో పోట్లాడి వెళ్లేదాన్ని. లేదా నెపం వాళ్ల మీదికి తోసి హాయిగా ఇంట్లో కూర్చునేదాన్ని. నీ ఇష్టం అని వదిలేసేసరికి నా ఇష్టం ఏమిటో నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టానో నాకే గుర్తు లేదు.

నేను కాన్పులు చేసేదాన్ని. అత్తయ్య దృష్టిలో మంత్రసానిని, ఆసుపత్రి బోర్డు మీద మిడ్‌వైఫ్‌ని, నొప్పులు పడే ఆడవాళ్లకు సిస్టర్‌ని. నా కూతురు నెలలు నిండకుండా పుట్టింది. గుప్పెడంత ఉండేది, ఊపిరితిత్తులు బలహీనం. అందుకే మా ఆయన దానికి గుప్పెడు అని పేరు పెట్టాడు. ఇప్పుడు నా భుజం దాకా ఎదిగినా ఇంట్లో అది గుప్పెడే. దాని కోసం ఒక్క ఏడాది సెలవు పెడదామనుకున్నాను. అది కాస్త తేరుకునేసరికి అత్తయ్య మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆవిడ లేచి నడిచేసరికి గుప్పెడు బడిలో చేరింది. తర్వాత ఏ కారణమూ లేకపోయినా ఇంట్లోనే ఉండిపోయాను. ఒక్క ఏడాది కాస్తా సాగి సాగి తొమ్మిదేళ్లు దాటింది.

అప్పుడు పిచ్చుక ఫోన్ చేసింది. నా చేతికింద పని నేర్చుకున్న పిల్లల్లో అదొకతి. నోరు క్షణం ఊరుకునేది కాదు కాబట్టి ఆ పేరు మేమే పెట్టాం. ఇప్పుడు కాన్పుల వార్డుకంతటికీ అదే పెద్ద.

"అక్కా, ఒక ఖాళీ ఉంది. నెలాఖరులోపు చేరావంటే మూడు నెలలు మా కళ్లముందు పనిచేసి నీ పాత లైసెన్సు నిలబెట్టుకోవచ్చు. నెల దాటితే అది రద్దయిపోతుంది. మళ్లీ మొదటి నుంచీ చదువుకోవాలి."

"ఈ వయసులో నా వల్ల కాదు."

"నాకు తెలుసు. అందుకే ఇప్పుడు చేశాను. ముందు ఒక్క పూట వచ్చి చూడు. నచ్చకపోతే ఓ టీ తాగేసి వెళ్లిపో."

సరే అన్నాను కానీ, ఫోన్ పెట్టేశాక ఆ గదిలో మళ్లీ అడుగు పెట్టాలంటే భయమేసింది. ఎందుకో నాకు తెలుసు. ఆ కారణం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గుప్పెడు పుట్టిన రోజు నేను ఆ ఆసుపత్రిలోనే, నేను పనిచేసిన గదిలోనే మంచమెక్కాను. చుట్టూ నాతో పనిచేసేవాళ్లే. మిషన్‌లోంచి బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తోంది. ఒక్కసారిగా అది నెమ్మదించింది. అలాంటి చప్పుళ్లు ఎన్ని విన్న చెవులో నావి, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఏమయిందని అడిగాను. "ఏం కాదు" అంది ఒకావిడ. "ఏం కాదు, ఏం కాదు" అంది ఇంకొకావిడ. ఎవరో మిషన్ సౌండు తగ్గించారు. వాళ్లంతా నా తల మీదుగా మాట్లాడుకుంటుంటే, నా బిడ్డ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. బిడ్డ బయటపడగానే బొడ్డుతాడు కత్తిరించి పట్టుకుపోయారు. నాకు కనిపించినవి రెండు మడమలు, అంతే.

వాళ్లను తప్పు పట్టలేను. బిడ్డను దక్కించారు. ఆ "ఏం కాదు" నేనూ ఎంతమందితో అన్నానో లెక్కలేదు. కానీ ఆ రోజు నుంచీ ఎవరైనా "ఏం కాదు" అంటే ఒళ్లు మండుతుంది. ఏమీ కానప్పుడు ఎవరూ ఆ మాట అనరు.

ఆనాటి నుంచీ నాకొక అలవాటు. నా దగ్గర ఒక చెక్క గొట్టం ఉంది. ఒక కొస గంటలా విచ్చుకుని ఉంటుంది, రెండో కొసకు చెవి ఆనిస్తే కడుపులో బిడ్డ గుండె వినపడుతుంది. నాకు పని నేర్పిన పెద్ద సిస్టర్ ఇచ్చింది. రోజూ పొద్దున గుప్పెడు బడికి వెళ్లే ముందు దాని వీపు మీద ఆ గొట్టం పెట్టి ఊపిరి వింటాను. అది చొక్కా పైకెత్తి, గోడవైపు తిరిగి నిలబడుతుంది. పళ్లు తోముకున్నట్టు మా ఇంట్లో అదొక పని. అది పరుగు పందెంలో మొదటొచ్చినప్పుడు కూడా మానలేదు. పొద్దున డ్యూటీ అంటే అది లేవకముందే వెళ్లిపోవాలి. మరి దాని వీపు ఎవరు వింటారు? నవ్వకండి, నన్ను కట్టేసిన తాడు నిజంగా అదే.

పిచ్చుక చెప్పిన రోజు పొద్దున్నే వెళ్లాను. గోడలకు కొత్త రంగు వేశారు. మంచం బటన్ నొక్కితే లేస్తుంది, దిగుతుంది. మూలన ఒక పెద్ద రబ్బరు బంతి ఉంది, నొప్పులప్పుడు దాని మీద కూర్చుని ఊగుతారట. వాసన మాత్రం మారలేదు. డెట్టాలు, ఉతికిన దుప్పట్లు, కంగారు. పిచ్చుక కాస్త ఒళ్లు చేసింది, కళ్లజోడు వచ్చింది. నోరు మాత్రం బాగా తగ్గింది.

"రూలు గుర్తుందిగా అక్కా?"

"చేతులు వెనక్కి."

"నువ్వు నేర్పిందే."

నిజమే. మా దగ్గర చూడ్డానికి వచ్చినవాళ్లెవరైనా కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడాలి. కాన్పుల గదిలో చేతులు ఊరికే ఉండవు. ఏదో ఒకటి సర్దుతాయి, తుడుస్తాయి, లాగుతాయి. ఊరికే ఉండడం నేర్చుకున్నాకే ముట్టుకోవడం నేర్పేవాళ్లం. కొత్తలో పిచ్చుక చెయ్యి మాటిమాటికీ బయటికొచ్చేది. "నీ చేతులకు తాళం వేస్తానుండు" అని తిట్టేదాన్ని. ఇప్పుడు అదే నా వెనక నిలబడి నా మణికట్టు సరిగ్గా పట్టుకున్నానో లేదో చూస్తోంది. కాలం అందరికీ వడ్డీతో కలిపి తిరిగిస్తుంది కాబోలు.

మంచం మీద ఉన్నావిడ బస్సు కండక్టరు. మొదటి కాన్పు. నొప్పి వచ్చినప్పుడల్లా మంచం కమ్మీ పట్టుకుని, తలవైపు నిలబడ్డ మొగుణ్ని దులిపేస్తోంది. ఆయన నీళ్ల సీసా గుండెకు హత్తుకుని, పడ్డ తిట్లన్నిటికీ తల ఊపుతున్నాడు. ఆవిడ పక్కన పొట్టి స్టూలు మీద ఒక చిన్న సిస్టర్ కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయేమో. ఏమీ చెయ్యడం లేదు, ఆవిడనే చూస్తోంది. ఆ ఏమీ చెయ్యకపోవడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి పిల్ల మీద గౌరవం కలిగింది. కాస్త కుళ్లు కూడా.

మిషన్ సౌండు బాగా తగ్గించి పెట్టారు, ఆవిడ మధ్యమధ్యలో కునుకు తీస్తుందని. అయినా నా చెవి దాని మీదే ఉంది. టకటకా సాగుతోంది. బాగుంది. ఒక పెద్ద నొప్పి వచ్చింది. టకటకా అనేది కాస్తా టక్... టక్... అయింది.

గది, గోడలు, కొత్త రంగు అన్నీ పోయి నేనే ఆ మంచం మీద ఉన్నాను. కండక్టరు నా మొహంలోకి చూసి, "ఏమయింది?" అంది.

"ఏం కాదమ్మా" అన్నాను.

తొమ్మిదేళ్లు ఏ మాట వింటే ఒళ్లు మండిందో, అదే నా నోట్లోంచి ఊడిపడింది.

ఆవిడ ఎన్ని రకాల ప్రయాణికుల్ని చూసుంటుందో. "ఏం కాకపోతే మీ మొహం ఎందుకలా ఉంది?" అంది.

చిన్న సిస్టర్ అప్పటికే ఆవిణ్ని ఎడమ పక్కకు తిప్పుతోంది. పిచ్చుక నావైపు చూసింది. నన్ను బయటికి పొమ్మంటుందనుకున్నాను. అనలేదు. నేను అన్న మాట నేనే సరిచేసుకోవాలని ఊరుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు చెప్పానమ్మా" అన్నాను. "బిడ్డ గుండె చప్పుడు కాస్త నెమ్మదించింది. నొప్పి వచ్చినప్పుడు తల నొక్కుకుని అలా అవుతుంటుంది. నొప్పి తగ్గగానే మళ్లీ పుంజుకోవాలి. పుంజుకుంటుందా లేదా అని చూస్తున్నాం. పుంజుకోకపోతే ఏం చెయ్యాలో వీళ్లకు తెలుసు. మీరూ వింటారా?"

"వింటాను."

నేను చిన్న సిస్టర్ వైపు చూశాను. ఆ పిల్ల సౌండు పెంచింది. గదంతా చప్పుడు. టక్... టక్... తర్వాత టక్ టక్. తర్వాత టకటకా. అందరం పైకప్పు వైపు చూస్తూ, ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు విన్నాం. ఆవిడ ఊపిరి వదిలి, "లేచింది" అంది.

"లేచింది" అన్నాను.

ఆ తర్వాత ఆవిడ ఎవర్నీ అడగలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా తనే స్టాపులు చెప్పినట్టు "తగ్గుతోంది... ఆగండి... ఆఁ, లేచింది" అని మాకు చెప్పింది. మొగుణ్ని తిట్టడం కూడా మర్చిపోయింది. ఆయన కంగారుగా, "బానే ఉన్నావా?" అని అడిగాడు, తిట్లు లేకపోయేసరికి భయమేసి.

మధ్యాహ్నానికి బిడ్డ వచ్చింది. చిన్న సిస్టర్ "ఇప్పుడు ముక్కమ్మా, చాలు, ఆగు, ఊపిరి వదులు" అని మెల్లగా చెబుతుంటే తల, ఒక భుజం, ఆ పైన గబుక్కున మొత్తం. ఆడపిల్ల. వచ్చీరాగానే తల్లికి తగ్గ కూతురనిపించేలా అరిచింది. పిల్లను తల్లి గుండెల మీద పెట్టారు. అప్పుడు చూసుకుంటే నా చేతులు వెనకాల లేవు. ఒక చేతిలో క్లిప్పు, ఒక చేతిలో కత్తెర. ట్రేలోంచి ఎప్పుడు తీశానో తెలియదు. చిన్న సిస్టర్‌కు అందిస్తూ నిలబడ్డాను.

ఆ అమ్మాయి నా వైపు చూసి, మర్యాదగానే, "ఇప్పుడే కాదండీ. ఇంకా కొట్టుకుంటోంది" అంది.

మా రోజుల్లో బిడ్డ పడీపడగానే క్లిప్పు వేసి కత్తిరించేవాళ్లం. అదే పద్ధతి. ఎంత చురుగ్గా కత్తిరిస్తే అంత పనిమంతురాలు, నేను వార్డులో అందరికన్నా చురుకు. ఇప్పుడు పద్ధతి మారిందట. తాడులో నాడి ఆగేదాకా, మాయలోని రక్తం బిడ్డకు చేరేదాకా, ఎవరూ తొందరపడరట. కత్తెర ట్రేలో పెట్టేసి, చేతులు వెనక్కి పెట్టుకుని చూశాను.

నీలంగా, వేలు లావున, మెలితిరిగి ఉంది తాడు. గుండెలాగే కొట్టుకుంటోంది. కాసేపటికి ఆ కొట్టుకోవడం మెల్లబడింది. నీలం పోయి, తెల్లబడి, మెత్తబడి, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే తన పని అయిపోయినట్టు ఊరుకుంది. "ఇప్పుడు" అంది చిన్న సిస్టర్.

నేను ఇన్ని కాన్పులు చేశాను. ఆ తాడు తనంతట తాను ఆగడం ఎప్పుడూ చూడలేదు. నా పనిలోనే, నా చేతుల మధ్యే ఉన్నదాన్ని ఏనాడూ చూడకుండానే కత్తిరించేశాను. ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటు ఇంకోటి కూడా వచ్చింది. మళ్లీ చూడాలనిపించింది. రేపు, ఎల్లుండి, ఆ మర్నాడు. ఆకలి వేసినట్టు అంత సూటిగా అనిపించింది.

టీ తాగుతూ పిచ్చుకతో అన్నాను. "చెయ్యి బయటికొచ్చింది."

"చూశాను."

"ఆ మాట కూడా వచ్చింది."

"విన్నాను. ఆ తర్వాత చెప్పిందీ విన్నాను."

"నాకు భయమేస్తోందే. మునుపు ఉండేది కాదు."

పిచ్చుక కప్పు కింద పెట్టింది. "మునుపు నీకు భయం ఉండేది కాదు. నిన్ను చూస్తే మాకు భయమేసేది. ఇప్పుడే నయం." అని, మళ్లీ కప్పు అందుకుంటూ, "నెలాఖరు అక్కా" అంది. నెలాఖరని నాకు తెలియనట్టు.

ఇంటికి వెళ్లాక అత్తయ్య పిల్ల రంగు నుంచి జుట్టు దాకా అడిగి, కండక్టరు తిట్టిన తిట్లు మళ్లీ మళ్లీ చెప్పించుకుని కడుపారా నవ్వింది. మా ఆయన, "మరి ఏమనుకుంటున్నావు?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే, "తొందరేం లేదు, నీ ఇష్టం" అన్నాడు. నా చేతిలో గరిటె ఉంది. ఏం చెయ్యలేదు, కూర కలిపాను అంతే.

మర్నాడు పొద్దున గుప్పెడు యథాప్రకారం చొక్కా పైకెత్తి గోడవైపు తిరిగింది. జడ భుజం మీదుగా ముందుకు వేసుకుంది, నాకు అడ్డం రాకుండా. అంత అలవాటు దానికి. నేను చెక్క గొట్టం తీసుకుని దగ్గరికి వెళ్లి, ఆగిపోయాను. కండక్టరు మొహం గుర్తొచ్చింది. లేచింది, అని మాకు తనే చెప్పిన గొంతు గుర్తొచ్చింది. ఇన్నేళ్లలో నేను ఈ పిల్లను ఒక్కసారి కూడా అడగలేదు.

గొట్టంతో సహా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఊపిరి ఎలా ఉందే? నువ్వే చెప్పు" అన్నాను.

అది వెనక్కి తిరిగి చూసింది. ఏదో పరీక్ష అనుకున్నట్టుంది. "బానే ఉంది."

"ఎప్పట్నుంచి?"

కాస్త ఆలోచించింది. "ఎప్పట్నుంచో. నాకు బాగాలేకపోవడం నాకు గుర్తే లేదమ్మా."

"మరి రోజూ ఎందుకు నిలబడతావే?"

అది చొక్కా కిందికి లాక్కుంటూ, తెలిసిందే అడుగుతున్నానన్నట్టు, "విన్నాక నీ మొహం బాగుంటుంది కదా, అందుకు" అంది.

మంచం అంచు మీద కూర్చుండిపోయాను. దాని ఊపిరి ఎప్పుడో సర్దుకుంది. అది నా ఊపిరి కోసం రోజూ గోడవైపు తిరిగి నిలబడుతోంది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఎవరు ఎవర్ని చూసుకుంటున్నారో నాకు ఆ క్షణంలో తెలిసింది. దుఃఖం ఆగలేదు. అది కంగారుపడి నా పక్కన కూర్చుని, నా వెనక ఉన్న గొట్టం లాక్కుంది.

"అటు తిరుగు" అంది.

తిరిగాను. నా వీపు మీద చల్లగా చెక్క తగిలింది. దాని చెవి ఆనింది.

"చాలా గట్టిగా కొట్టుకుంటోందమ్మా. ఎలా ఉంది నీకు? నువ్వే చెప్పు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అత్తయ్య వింటోంది. గుమ్మం దగ్గర మా ఆయన ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. ఎవరూ నీ ఇష్టం అనలేదు. ముగ్గురూ ఊరికే ఉన్నారు, నేను చెప్పేదాకా.

"భయంగా ఉంది" అన్నాను. "వెళ్లాలని ఉంది."